మాచర్లలో ఒక శుక్రవారం

గిద్యోను భార్య మాట్లాడటం మానేసి మూడు వారాలైంది.

అసలుకే నోరు కట్టేసుకుందని కాదు. "అన్నం పెట్టనా?" అంటుంది. "నీళ్ళకి పోయొస్తా" అంటుంది. ఆ మాత్రం మాటలు పక్కింటివాళ్ళూ మాట్లాడతారు. పెళ్ళాం మాటలంటే వేరే ఉంటాయనీ, వాటికి పనీపాటా అక్కర్లేదనీ గిద్యోనుకి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. బట్టీ దగ్గర్నుంచి ఒళ్ళంతా సున్నం పూసుకుని ఇంటికొస్తే "ఎవరయ్యా నువ్వు? మా ఆయన ఇంట్లో లేడు, పో" అని తలుపేసేది. అలాంటి మనిషి ఇప్పుడు చెంబుతో నీళ్ళిచ్చి పక్కకి తప్పుకుంటోంది. తల్లో పువ్వు లేదు. పిలిస్తే ఉలిక్కిపడుతుంది. ఏమైందే అంటే ఏం లేదంటుంది. ఏం లేదనే ఆడమనిషిని మించిన చిక్కుముడి లేదని పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర పెళ్ళైన మగవాళ్ళంతా ఒప్పుకుంటారు. విప్పే దారి మాత్రం ఎవరూ చెప్పరు.

గిద్యోను భయానికి కారణం లేకపోలేదు. ఆమెది రెంటచింతల. వాళ్ళు ఆర్సీఎం వాళ్ళు, జపమాల తిప్పేవాళ్ళు. ఇతనిది బాప్టిస్టు ఇల్లు. నిరుడు పండగకి ముందు రెంటచింతల గుడికి వెల్ల వెయ్యడానికి సున్నం తోలుకుపోయినప్పుడు, గుంటలో కాల్చిన సున్నపురాయి పోసి నీళ్ళు తెమ్మంటే బిందె పట్టుకొచ్చిన పిల్ల ఫిలోమినా. రాయి బుసబుసమని ఉడకడం చూసి ఆ పిల్ల బిందె అక్కడే వదిలేసి పరిగెత్తింది. గిద్యోను పగలబడి నవ్వాడు. ఆ సున్నం చల్లారేలోపే అతని బతుకు ఆమె చేతికి పోయింది.

రెండు వైపులా ఎవరికీ ఇష్టం లేదు. గిద్యోను తల్లి సువార్తమ్మ నెలల తరబడి బెట్టు చేసి, చివరికి షరతులు పెట్టి దిగొచ్చింది. పిల్ల నీళ్ళలో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలి. ఆ గుడి గడప తొక్కకూడదు. పాత ఆచారాల ఊసు ఇంట్లో ఎత్తకూడదు. పేరు కూడా మార్చుకోవాలి. "ఫిలోమినా ఏంది? వాక్యంలో ఏడుందో చూపించండి ఆ పేరు" అంది. ఎవరూ చూపించలేకపోయారు, రూతమ్మ అని పెట్టారు. పిల్ల అన్నిటికీ తలూపి, సువార్తమ్మ చేతిలో చెయ్యేసి ప్రమాణం చేసింది. ఆమె అన్న మరియదాసు పెళ్ళికి రాలేదు. కబురు మాత్రం పంపాడు. "నా చెల్లెలు ఏ రోజైనా రెంటచింతల స్టేషన్లో దిగితే చాలు. మళ్ళీ రైలెక్కనియ్యను."

పెళ్ళై ఐదు నెలలు. ఇన్నాళ్ళూ ఆ కబురు గిద్యోనుకి నవ్వులాట. ఈ మూడు వారాల నుంచే నిద్ర పట్టనివ్వడం లేదు.

బట్టీ మేస్త్రీ నాగయ్య ఇది కనిపెట్టాడు. అప్పుడే బట్టీ దించారు. మళ్ళీ రాయి పేర్చి అంటించేదాకా ఒకరోజు ఆటవిడుపు. బట్టీ కాలుతున్నన్నాళ్ళూ ఆ మనుషులకి వారాలు గుర్తుండవు. ఆదివారం ఒక్కటే, అదీ గుడిగంట కొడితే తెలుస్తుంది. నాగయ్య చుట్ట వెలిగించి గిద్యోనుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది రోగం కాదురా. పట్నం చూడకపోతే ఆడదానికి అట్టాగే అయిద్ది. రేపు పొద్దున్నే రైలెక్కి మాచర్ల తీసకపో. సాయంత్రం రైలుకి తిరిగొచ్చెయ్. దిగంగానే పూలు కొను. మూర కాదు, మూరెడు కొంటే పిసినారోడివని అనుకుంటది, రెండు మూరలు కొను. జాన్ సాహెబ్ హోటల్లో పలావు పెట్టించు. మేకపోతు మాంసం, ముక్క నోట్లో ఏసుకుంటే కరిగిపోద్ది. ఆడ నువ్వు ఏ పేటోడివని ఎవడూ అడగడు, అందరికీ ఒకటే బల్ల, ఒకటే గ్లాసు. ఆ తర్వాత మాట్నీ. ఈ మూడూ అయినాక కూడా మాట్టాడకపోతే నా మీసం తీయించుకుంటా."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. నాగయ్య భార్య సుబ్బులమ్మ నాగయ్యతో మాట్లాడి ఎన్నేళ్ళైందో ఊరందరికీ తెలుసు. కానీ మునిగిపోయేవాడు ఎదుటివాడికి ఈత వచ్చా అని అడగడు కదా. గిద్యోను ఆ మూడు ముక్కలూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఇంటికి నడిచాడు. సగం దారిలో ఆగిపోయాడు. మాచర్ల పోవాలంటే రైలు రెంటచింతల మీదుగా పోవాలి. వచ్చేటప్పుడు కూడా అంతే. పోయేటప్పుడు ఒక గండం, వచ్చేటప్పుడు ఒక గండం.

అయినా అడిగాడు. "మాచర్ల పోదామా రేపు? ఊరికే, చూసొద్దాం."

రూతమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది. "రేపా?" అని, ఏదో లెక్క చూసుకున్నదానిలా ఒక్క క్షణం ఆగి, "పోదాం మావా" అంది. మూడు వారాల్లో ఆ కళ్ళల్లో వెలుతురు చూడటం అదే మొదలు. గిద్యోనుకి ఆనందపడాలో ఏడవాలో తెలియలేదు. పలావు పేరు ఇంకా చెప్పలేదే, సినిమా పేరు ఎత్తలేదే, మరి దేన్ని చూసి వచ్చింది ఆ వెలుతురు?

సువార్తమ్మ గడప దగ్గర నిలబడి "సున్నం మోసేటోళ్ళకి షికార్లు కావాల్సొచ్చినయ్" అని సాగనంపింది.

రైల్లో కిటికీ పక్కన ఆమెని కూర్చోబెట్టాడు. నడికుడి దాటింది, గురజాల దాటింది. ఆమె బయటికి చూస్తుంటే ఇతను ఆమెని చూస్తున్నాడు. రెంటచింతలలో రైలు ఆగగానే ఆమె లేచి నిలబడింది. గిద్యోనూ సగం లేచాడు. దూరంగా చెట్ల మీదుగా గుడి శిఖరం కనపడుతోంది. రూతమ్మ కుడిచెయ్యి నుదుటి దాకా లేచి, అక్కడే ఆగి, జుట్టు సర్దుకుంటున్నట్టు వెనక్కి పోయింది.

ఎవరికో సైగ చేసింది! గిద్యోను కిటికీలోంచి మెడ సాచి ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. మరియదాసు లేడు. ఒక ముసలాయన, రెండు మేకలు, మిరపకాయల బస్తాలు. మరి ఎవరికి సైగ? రైలు కదిలింది. ఆమె కూర్చుంది. మొదటి గండం గడిచిందనుకున్నాడు గానీ ఆ చెయ్యి ఎందుకు లేచిందన్నది మాచర్ల చేరేదాకా అతని బుర్రలో తిరుగుతూనే ఉంది.

మాచర్ల స్టేషను బయట పూలబుట్టలున్నాయి. మల్లెలు అప్పుడే దిగుతున్నాయి. గిద్యోను నాగయ్య చెప్పినట్టు రెండు మూరలు కొలిపించి, బజార్లో నలుగురూ చూస్తుండగా భార్య చేతికిచ్చాడు. ఆమె వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చింది. ఆ మొహం చూస్తే పూలంటే ఇష్టం లేదని ఎవరూ అనలేరు. తర్వాత జాగ్రత్తగా చుట్టి చేతిసంచిలో పెట్టేసింది.

"అదేందే? తల్లో పెట్టుకో."

"తర్వాత పెట్టుకుంటా."

"తర్వాత వాడిపోవా?"

"వాడిపోతే పోనీ మావా" అంది మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, దేని మీద కోపమో అడిగేవాడు.

ఊరు తిరిగారు. చెన్నకేశవస్వామి గుడి గోపురం బయట నుంచే చూశారు, చంద్రవంక వాగు గట్టు మీద కాసేపు నిలబడ్డారు. బస్టాండులో సాగర్ కట్ట పనికి పోయే కూలీలు లారీల మీద కిక్కిరిసి ఉన్నారు. అక్కడ ఊళ్ళకి ఊళ్ళే కొత్తగా లేస్తున్నాయనీ, ఆ గోడలకి తను కాల్చిన సున్నం కూడా పోతుందనీ గిద్యోనుకి గొప్ప. "బస్సెక్కి చూసొద్దామా? మన సున్నం ఎక్కడుందో చూపిస్తా" అన్నాడు, చూపించడం ఎలాగో తనకే తెలియకపోయినా.

ఆమె చూడాలన్నట్టే ముందుకి రెండడుగులు వేసింది. అంతలో కండక్టరుని అడిగింది, "అన్నా, మూడింటికల్లా తిరిగొస్తదా బస్సు?"

"సాయంత్రమయిద్దమ్మా."

"అయితే వద్దు మావా."

"మూడింటికి ఏముంది?" అన్నాడు గిద్యోను.

"ఏం లేదు. ఎండ."

ఎండకీ మూడింటికీ సంబంధమేమిటి? ఎండ పన్నెండుకీ ఉంటుంది. గిద్యోను బుర్రలో రైలు కిటికీ దగ్గర లేచిన చెయ్యి, ఈ మూడు గంటలు రెండూ వచ్చి పక్కపక్కన కూర్చున్నాయి. మరియదాసు మూడింటికి వస్తాడన్నమాట. రెంటచింతల స్టేషన్లో సైగ అందుకున్నవాడెవడో పోయి చెప్పి ఉంటాడు. అలా అనుకోగానే, ఛ, అంత కుట్ర పన్నే మనిషి కండక్టరుని నా ముందే అడుగుతుందా అని తనని తనే తిట్టుకున్నాడు. ఏ తాడు పట్టుకుని లాగినా ముడి బిగుసుకుంటోంది తప్ప విడిపోవడం లేదు.

దారిలో అంకారావు అనే ఆయన కిరాణా కొట్టు ముందు ఆమె ఆగింది. కొంగుముడి విప్పి, తన సొంత చిల్లరతో మైనపు వత్తులు కొనుక్కుంది. ఇంట్లో కిరసనాయిలు బుడ్డి ఉండగా ఇవెందుకని అడగబోయి గిద్యోను మానుకున్నాడు. అడిగితే "ఏం లేదు" అంటుంది.

జాన్ సాహెబ్ హోటలు నాగయ్య చెప్పినట్టే ఉంది. పొడుగాటి బల్ల, ఒకటే రకం గ్లాసులు. సాహెబ్ గల్లా దగ్గర, ఆయన భార్య చాంద్ బీ వడ్డన దగ్గర. పలావు మూత తీస్తే వచ్చిన వాసనకి గిద్యోను కష్టాలన్నీ ఒక నిమిషం మర్చిపోయాడు. రెండు పళ్ళేలు వచ్చాయి. ఆమె పళ్ళెంలో ముక్కలు ఎక్కువ పడేట్టు అతనే చెప్పాడు.

రూతమ్మ పళ్ళెం చూసింది. అతన్ని చూసింది. పళ్ళేన్ని వేళ్ళతో మెల్లగా అతని వైపు జరిపింది.

"నాకొద్దు మావా. నువ్వు తిను."

"ఎందుకొద్దు?"

"ఆకలిగా లేదు."

పొద్దున్న ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదని అతనికి తెలుసు. "మాంసం ఇష్టం లేదా? ఆదివారం మనింట్లో తింటావుగా? పోనీ పప్పు తిను. బీబమ్మా, పప్పేమన్నా ఉందా?"

"దాల్చా ఉంది" అని చాంద్ బీ గిన్నె తెచ్చింది. పప్పులో గరిటె తిప్పితే ఎముక తేలింది. రూతమ్మ తల అడ్డంగా ఊపింది. చాంద్ బీ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ పిల్లని పరకాయించి చూసి, నవ్వి, "నెల తప్పిందా బేటీ?" అంది.

గిద్యోను కూర్చున్నచోటే నిటారుగా అయ్యాడు. ఇదా! ఈ మూడు వారాలూ ఇదా! పూల వాసన పడకపోవడం, తిండి సయించకపోవడం, అన్నీ సరిపోయాయి. తనంత వెర్రివాడు పల్నాట్లో లేడనుకున్నాడు. లేచి చాంద్ బీ కాళ్ళకి దణ్ణం పెట్టేవాడే. రూతమ్మ సిగ్గుపడలేదు. "లేదమ్మా, అదేం కాదు" అంది. అంతే. గిద్యోను మళ్ళీ బల్ల మీద కూలబడ్డాడు.

చివరికి ఆమె ఒట్టి అన్నం రెండు ముద్దలు, నిమ్మకాయ పచ్చడితో తిని నీళ్ళు తాగింది. అప్పుడొచ్చింది గిద్యోనుకి కోపం. తను పెట్టించింది ముట్టదు, తను కొన్నది పెట్టుకోదు. తనవి వద్దంటే తను వద్దనేగా అర్థం! ఆ ఉక్రోషంలో తన పళ్ళెం ఊడ్చి, ఆమె పళ్ళెం కూడా లాక్కుని, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. మాంసం నోట్లో కరిగిందో లేదో అతను గమనించలేదు.

ఇక మిగిలింది మాట్నీ. టాకీసు ముందు వేపచెట్టు నీడలో ఆమెని నిలబెట్టి, తను టిక్కెట్ల గుంపులో దూరాడు. చొక్కా గుండీ ఒకటి తెగింది, కాలు ఎవడో తొక్కాడు. రెండు టిక్కెట్లు పిడికిట్లో పట్టుకుని బయటపడి చూస్తే చెట్టు కింద ఎవరూ లేరు. లోపల గోడ మీద గడియారం మూడు కొట్టింది.

గిద్యోను చేతిలో టిక్కెట్లు ఎక్కడ పడిపోయాయో అతనికి తెలియదు. స్టేషనుకి పరిగెత్తాడు. అక్కడ రైలు లేదు, ఆమె లేదు. బస్టాండుకి పరిగెత్తాడు. "రూతమ్మా!" అని అరిస్తే ఎవరెవరో తిరిగి చూశారు గానీ ఆమె లేదు. వచ్చిన దారినే వెనక్కి వస్తూ, కిరాణా కొట్టు చూసి ఆగాడు.

"అయ్యా, పొద్దున మైనపు వత్తులు కొన్న మనిషి... మా ఆడది... ఇటేమన్నా వచ్చిందా?"

అంకారావు లెక్క చూసుకుంటున్నవాడు తలెత్తాడు. "వత్తులు కొన్నోళ్ళంతా ఆర్సీఎం గుడికాడే ఉంటారయ్యా. ఇయ్యాల శుక్రవారం గదా. వాళ్ళకి తపస్సు కాలమంట, మూడింటికి ప్రార్థన ఉంటది. ఆ సందు చివర, పెంకుల కప్పు."

శుక్రవారం అనే వారం ఒకటుందని గిద్యోనుకి ఆ క్షణందాకా గుర్తులేదు. అది గుర్తొచ్చినా అర్థమైంది తక్కువే. గుడికి పోయిందా? మరి ప్రమాణం? అన్నని అక్కడికి రమ్మందా?

గుడి చిన్నది. గోడల మీద వరసగా సిలువ మోసే పటాలు వేలాడదీశారు. లోపల జనం ఒక్కో పటం ముందు మోకరిస్తూ, లేస్తూ, పాట పాడుతూ కదులుతున్నారు. గిద్యోను గుమ్మంలోంచి ఒక్కొక్క తలా వెతికాడు. ఆమె లేదు. వెనక్కి తిరగబోతూ చూశాడు. మెట్ల కింద, ఎండలో, కంకర మీద, ఒక మనిషి మోకాళ్ళ మీద ఉంది. మెట్టు అంచుకి మైనపు వత్తి అంటించి ఉంది. గాలికి అది ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, లోపలివాళ్ళు మోకరించినప్పుడు మోకరిస్తూ, లేచినప్పుడు లేస్తోంది.

"రూతమ్మా" అన్నాడు.

ఆమె తిరగలేదు. ఆ పేరు తనదని తోచలేదు.

"ఫిలోమినా."

ఉలిక్కిపడి తిరిగింది. అతన్ని చూడగానే మొహం పాలిపోయింది. లేవబోయి తడబడి, "లోపలికి పోలేదు మావా. చూడు, గడప తొక్కలేదు. అత్తమ్మకిచ్చిన మాట తప్పలేదు" అంది గబగబా.

గిద్యోను గుడినీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "ఇంత దూరం వచ్చి, ఇట్టా ఎండలో... లోపలికే పోవచ్చుగా? ఈ ఊళ్ళో మనల్ని ఎరిగినోడెవడు?"

"ఎట్టా పోతా? నీళ్ళల్లో మునిగొచ్చినదాన్ని. గుడి స్వాములోరికి చెప్పుకోకుండా లోపలికి పోతే వాళ్ళకి తప్పు. పోతే అత్తమ్మకి తప్పు. అసలు రాకపోతే నాకు తప్పు. ఇక్కడైతే ఎవరికీ తప్పు లేదనుకున్నా."

"మరి పలావు?"

"శుక్రవారం మేము... వాళ్ళు మాంసం ముట్టరు. ఈస్టరుకి ముందు ఈ నలభై రోజులూ పూలు పెట్టుకోరు, సినిమాలు చూడరు. విభూది బుధవారం నుంచి పట్టుకున్నా. ఉపాసం కూడా."

"ఐదు నెల్ల నుంచీ శుక్రవారాలు..."

"మనింట్లో ఆదివారం తప్ప మాంసం ఎప్పుడుంది మావా, నీకు తెలవడానికి?"

అది నిజమే. గిద్యోను తల గోక్కున్నాడు. "నాకన్నా చెప్పొచ్చుగా?"

"ఊసెత్తనని చెయ్యేసి చెప్పాగా."

లోపల పాట ఆగి మళ్ళీ మొదలైంది. గిద్యోనుకి పొద్దుట్నుంచీ నాలిక చివర ఉన్న ప్రశ్న అప్పుడు బయటపడింది. "పొద్దున రెంటచింతలలో దిగిపోదామనుకున్నావా?"

ఫిలోమినా చెయ్యి వత్తి మీంచి పక్కకి జారింది. వత్తి ఆరిపోయింది, ఆమె గమనించలేదు. "కాళ్ళు వాటంతటవే లేచినయ్ మావా. దిగితే నువ్వు ఉండవు. దిగకపోతే ఆ గుడి ఉండదు. ఏం చెయ్యాలో తెలవక కూచున్నా."

గిద్యోను ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. కడుపునిండా పలావుతో, భార్య ఆకలి పక్కన. సిగ్గేసింది. ఆమె మునిగొచ్చిన రోజు ఒడ్డున నిలబడి తను ఎంత మురిసిపోయాడో తలుచుకుంటే ఇంకా సిగ్గేసింది. నీళ్ళలోంచి లేచేటప్పుడు ఆమె ఏడ్చింది. చలికేమో అనుకున్నాడు. ఇద్దరూ మొక్కేది ఆ యేసయ్యకే. మరి ఆమె ఎందుకు బయట కూర్చోవాలో ఎంత ఆలోచించినా అతనికి పాలుపోలేదు. తల్లిని అడిగితే ఒక జవాబు చెబుతుంది, ఇక్కడి స్వాములవారిని అడిగితే ఇంకో జవాబు. రెండూ సరైనవే అయ్యుంటాయి. కంకర గుచ్చుకునేది మాత్రం ఈమెకే.

ప్రార్థన అయ్యేదాకా ఆమె పక్కనే ఉన్నాడు. ఆరిన వత్తి మళ్ళీ వెలిగించాడు. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

సాయంత్రం రైలు బయల్దేరింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రెంటచింతల వచ్చింది. రైలు ఆగింది. దిగేవాళ్ళు దిగుతున్నారు. ఫిలోమినా కిటికీ వైపు చూడలేదు. తల వంచుకుని, కూర్చున్న బల్ల అంచుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. లేవడం లేదు. లేవదు కూడా, ఆ చేతులు చూస్తేనే తెలుస్తోంది.

పొద్దుట్నుంచీ గిద్యోను కోరుకున్నది ఇదే. భార్య తన ఊళ్ళో దిగలేదు, తనతోనే వస్తోంది. గెలిచినట్టే. సంతోషం కోసం లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. ఇంటికి తీసుకుపోతున్నది మనిషిని కాదు, కంకర మీద మోకరించినదాన్ని. రేపు, ఎల్లుండి, వచ్చే శుక్రవారం, ఆపై శుక్రవారం, అలాగే ఏ గుమ్మానికీ చెందకుండా ఎండలో ఉంటుంది, ఏమైందంటే ఏం లేదంటుంది.

సంచి అందుకున్నాడు. "లే."

"ఏంది మావా?"

"దిగు."

ఆమె బల్ల అంచుని వదల్లేదు. "నన్ను వదిలేస్తన్నావా?"

"వదిలేసేదేందే!" గిద్యోను అరిచిన అరుపుకి పెట్టెలో అందరూ తిరిగి చూశారు. "నేనూ దిగుతున్నాగా! లే, గార్డు ఈలేశాడు!"

కదిలే రైల్లోంచి ముందు సంచి విసిరాడు, తర్వాత ఆమెని దింపాడు, చివర తను దూకి పడబోయి నిలదొక్కుకున్నాడు. రైలు పిడుగురాళ్ళ వైపు వెళ్ళిపోయింది. అక్కడ సువార్తమ్మ వంట చేసి ఎదురు చూస్తుంటుంది. పొద్దున్నే బట్టీకి రాయి పేర్చాలి, నాగయ్య తిడతాడు. ఇవన్నీ రైలు పోయాక గుర్తొచ్చాయి. ఎందుకు దిగాడో తెలుసు గానీ దిగి ఏం చెయ్యాలో అతనికి ఒక్క ముక్క తెలియదు.

"మీ స్వాములోరి దగ్గరికి పోదాం రేపు. నువ్వు లోపలికి పోవాలంటే ఏం చెయ్యాలో నేనే అడుగుతా. ఏం చెప్తే అది చేద్దాం."

"అత్తమ్మకేం చెప్తావు?"

"తెలవదు. ఏదో ఒకటి చెప్తా. మాట నీ చేత ఇప్పించింది నా కోసమేగా. నేనే పోయి వెనక్కి అడుగుతా."

"మా అన్న నిన్ను కొడతాడు మావా."

"కొడితే కొట్టనీ."

ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద అలాగే నిలబడ్డారు. పొద్దు గుడి శిఖరం వెనక్కి దిగుతోంది. ఫిలోమినా ఈసారి దాచుకోకుండా, నుదురు, గుండె, ఈ భుజం, ఆ భుజం, నిదానంగా తాకి సిలువ గుర్తు వేసుకుంది.

"ఆకలైతందా?" అన్నాడు గిద్యోను.

"చానా."

అతను కిందపడ్డ సంచి తీసుకున్నాడు. పొద్దుట్నుంచీ ఆమెకి అది కొనివ్వడం, ఇది పెట్టించడమే గానీ, ఒక్కసారీ అడిగింది లేదు.

"ఇయ్యాల మీరు ఏం తినొచ్చు?"

ఆమె అతని మొహంలోకి చూసింది. మూడు వారాల తర్వాత అలా చూడటం.

"పప్పుచారు. మా ఇంట్లో నీకు కూడా అంతే," అంది ఫిలోమినా. "పలావు తిన్నానని చెప్పావో, మా అన్న నిజంగానే కొడతాడు."